కనురెప్ప మీద ఎర్రమచ్చ పెరుగుతోంది: ఆగాలా, ఇప్పుడే చూపించాలా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. పాపకు ఆరు వారాలు. పుట్టినప్పుడు కంటి మీద ఏమీ లేదు. బారసాల నాటికి దోమ కుట్టినట్టు చిన్న ఎర్ర చుక్క కనిపించింది. ఇప్పుడది శనగగింజంత అయి, పై రెప్ప కాస్త కిందికి వాలుతోంది. గ్రహణం రోజు మీరు బయటికి వచ్చారని, అందుకే ఇలా అయిందని మీ అమ్మగారు కుమిలిపోతున్నారు. ఊళ్ళో చూసిన డాక్టరుగారు "అదే పోతుంది, ఏడాది ఆగండి" అన్నారు. మూడో నెల నిండేదాకా బిడ్డను ఊరు దాటించొద్దని ఇంట్లో పట్టుబడుతున్నారు. ఏం చెయ్యాలో తోచడం లేదని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఆగకండి. మూడో నెల దాకా కాదు, వచ్చే నెల దాకా కూడా వద్దు. ఈ వారంలోనే పిల్లల చర్మ సమస్యలు చూసే డాక్టరుకు ఒకసారి, పిల్లల కంటి డాక్టరుకు ఒకసారి చూపించండి. ప్రాణానికి ప్రమాదం ఏమీ లేదు, ఇది క్యాన్సరూ కాదు, కాబట్టి రాత్రికి రాత్రి పరుగెత్తనక్కర్లేదు. కానీ ఈ మచ్చ విషయంలో ఒక్కో వారానికీ విలువ ఉంది. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, ఇంట్లో పెద్దవాళ్ళకు మీరు చదివి వినిపించేలా.

ఇరవై రెండేళ్ళుగా పిల్లల చర్మ సమస్యలు చూస్తున్నాను. ఎర్రమచ్చతో వచ్చిన ప్రతి తల్లినీ నేను మొదట అడిగేది ఒకటే: ఇది పుట్టిన రోజునే ఉందా, తర్వాత వచ్చిందా? చాలామందికి గట్టిగా గుర్తుండదు. అప్పుడు ఫోన్ తియ్యమంటాను. ఆస్పత్రిలో తువ్వాలు చుట్టి తాతగారి చేతిలో పెట్టినప్పటి ఫోటో ఒకటి తప్పకుండా ఉంటుంది. ఆ తర్వాత ఇంటికొచ్చిన రోజుది, బారసాల రోజుది, నిన్నటిది. ఈ నాలుగూ వరుసగా చూస్తే సగం రోగనిర్ధారణ అక్కడే అయిపోతుంది. మీరు రాసిన దాన్ని బట్టి, పుట్టినప్పుడు లేకుండా రెండో మూడో వారంలో వచ్చి, వారం వారం పెరుగుతున్నది నూటికి తొంభై పాళ్ళు హెమాంజియోమా. రక్తనాళాల లోపలి పొర కణాలు ఒకచోట గబగబా పెరిగి ముద్ద కట్టడం అన్నమాట. ఇంగ్లీషులో దీన్ని స్ట్రాబెర్రీ మచ్చ అంటారు. మన కంటికైతే బాగా పండిన రేగుపండులా ఉంటుంది. చర్మం అడుగున పెరిగితే ఎరుపు కనిపించదు, దెబ్బ తగిలి కమిలినట్టు నీలంగా, మెత్తగా ఉబ్బుతుంది. చామనఛాయ పిల్లల్లో ఈ లోపలి రకాన్ని చాలామంది దెబ్బ అనుకునో, పురుగు కుట్టిందనుకునో వదిలేస్తారు.

సుమారు నూరు మంది పిల్లల్లో నలుగురైదుగురికి ఇది వస్తుంది. ఆడపిల్లల్లో, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళలో, బరువు తక్కువ పిల్లల్లో, కవలల్లో ఎక్కువ.

మీ ఊరి డాక్టరుగారు చెప్పింది అబద్ధం కాదు. హెమాంజియోమా నిజంగానే తనంతట తాను తగ్గుతుంది. ఏడాది వయసు చుట్టుపక్కల నుంచి రంగు మారి, మెత్తబడి, నాలుగేళ్ళు వచ్చేసరికి చాలామందిలో తగ్గాల్సింది చాలావరకు తగ్గిపోతుంది. కానీ తగ్గడానికి ముందు అది పెరుగుతుంది. ఎప్పుడు ఎంత పెరుగుతుందన్న విషయంలో మా చదువుల్లోనే చాలాకాలం తప్పు లెక్క ఉండేది. ఏడాదంతా నిదానంగా పెరుగుతుందని అనుకునేవాళ్ళం. వారం వారం తీసిన ఫోటోలను పక్కపక్కన పెట్టి చూశాక తెలిసింది, అసలు పరుగు అయిదో వారం నుంచి ఏడో వారం మధ్యలో అని. మూడు నెలలు వచ్చేసరికి చాలా మచ్చలు తమ చివరి పరిమాణంలో ఎనభై శాతానికి చేరిపోతాయి. అందుకే అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, ప్రమాదకరమైన చోట ఉన్న హెమాంజియోమాను నెల వయసుకల్లా నిపుణులకు చూపించాలని చెప్పింది.

ఇప్పుడు మన ఇళ్ళ లెక్క చూడండి. పురిటికి పుట్టింటికి వస్తాం. మూడో నెలో అయిదో నెలో నిండాక మంచిరోజు చూసి అత్తారింటికి వెళ్తాం. అప్పటిదాకా బిడ్డను గడప దాటించరు. బయటి గాలి, జనం తాకిడి లేకుండా పసిబిడ్డను కాపాడాలన్నది ఆ కట్టడి వెనకున్న మంచి ఉద్దేశం, దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఈ మచ్చ ఎదుగుదలలో ఎక్కువ భాగం సరిగ్గా ఆ మూడు నెలల్లోనే అయిపోతుంది. అత్తారింటికి వచ్చాక, అయిదో నెలలో నా దగ్గరికి తీసుకొచ్చే తల్లులే ఎక్కువ. అప్పటికి నేను చేయగలిగింది కొంత ఉంటుంది. ఆరో వారంలో వస్తే చేయగలిగింది చాలా ఉంటుంది.

ఇక మీ పాప మచ్చ ఉన్న చోటు. పసిపిల్లలకు కన్ను పుట్టుకతో వస్తుంది గానీ, చూడడం పుట్టాక నేర్చుకుంటారు. వెలుగు, ఆకారాలు, అమ్మ ముఖం రెండు కళ్ళ నుంచీ మెదడుకు చేరుతుంటే, మెదడు రెండు కళ్ళనూ వాడుకోవడం నేర్చుకుంటుంది. రెప్ప వాలి నల్లగుడ్డును కప్పేస్తే ఆ కంటి పాఠం ఆగిపోతుంది. పూర్తిగా కప్పకపోయినా, రెప్పలోని ముద్ద కనుగుడ్డును ఒక పక్క నుంచి నొక్కితే దాని గుండ్రదనం మారి చూపు అలుక్కుపోతుంది. అప్పుడు మెదడు బాగున్న కంటినే నమ్ముకుని రెండోదాన్ని పక్కన పెట్టేస్తుంది. దీన్నే ఆంబ్లియోపియా అంటారు. రెండేళ్ళకో మూడేళ్ళకో మచ్చ మాయమై రెప్ప చక్కగా తెరుచుకున్నా, వెనక చూపు మాత్రం మందంగానే ఉండిపోవచ్చు. "అదే పోతుంది" అన్న మాట మచ్చ వరకు నిజమే, చూపు విషయంలో కాదు. అందుకే కంటి డాక్టరుకూ చూపించమన్నాను. పసిపిల్లలకు చుక్కలు వేసి, చిన్న లెన్సులు అడ్డం పెట్టి చూస్తారు. పాప మాట్లాడనక్కర్లేదు, నొప్పీ ఉండదు. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి హైదరాబాద్‌లోనే కాదు, విశాఖలోనూ విజయవాడలోనూ ఉంది. మీకు ఏది దగ్గరైతే అది.

కంటితో పాటు ఇలా ఆగకూడని చోట్లు ఇంకొన్ని ఉన్నాయి. ఇది చదివే మిగతా తల్లుల కోసం రాస్తున్నాను. ముక్కు కొన, పెదవి, చెవి, ఆడపిల్లల రొమ్ము: ఇక్కడ ఆకారం చెడితే తర్వాత సరిచేయడం కష్టం. గడ్డం, దవడ, మెడ ముందు భాగం, అంటే మగవాళ్ళకు గడ్డం పెరిగే మేరంతా మచ్చ పరుచుకుని ఉంటే, లోపల గొంతులో శ్వాసనాళం దగ్గర కూడా ఒకటి ఉండవచ్చు. ఊపిరి పీల్చినప్పుడు కీచుమనే శబ్దం, ఏడుపు బొంగురుపోవడం ఉంటే జలుబని వారాల తరబడి ఆవిరి పట్టించకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. ముఖంలో ఒక పక్కనంతా పెద్ద పటంలా ఉంటే మెదడు రక్తనాళాలు, గుండె, కన్ను పరీక్షించాలి. నడుము కింద వెన్నెముక మీద పెద్దది ఉంటే లోపల వెన్నుపాము చూడాలి. మొదటి మూడు నెలల్లో అయితే మామూలు అల్ట్రాసౌండ్‌లోనే కనిపిస్తుంది, ఆ తర్వాత ఎముక గట్టిపడి ఎం.ఆర్.ఐ. చేయాల్సి వస్తుంది. ఇక్కడ కూడా తొందరగా వస్తే పని తేలిక. ఒంటి మీద అయిదు, అంతకు మించి చిన్న చిన్న ఎర్ర చుక్కలు ఉంటే కాలేయంలో ఉన్నాయేమో కడుపు స్కానింగ్ చేయిస్తాం.

ముక్కు కొన అనగానే నాకు ఒక పాప గుర్తొస్తుంది. 2011లో రెండు నెలల వయసులో తెచ్చారు, ముక్కు చివర మిరియపు గింజంత ఎరుపు. ఈ మచ్చలకు ఒక గుండె మందు పనిచేస్తుందని అప్పటికే చదివాను, దాని సంగతి కింద చెబుతాను. అయినా ఇంత చిన్నదానికి గుండె మందు ఎందుకులే, ఆగి చూద్దాం అన్నాను. నాలుగో నెలలో మళ్ళీ వచ్చేసరికి ముక్కు కొన ఉసిరికాయలా గుండ్రంగా ఉబ్బింది. తర్వాత మందు పనిచేసింది, ఎరుపు పోయింది. కానీ సాగిన చర్మం, లోపల కొవ్వు మిగిలిపోయి, బడిలో చేరే ముందు ఆపరేషన్ చేయించాల్సి వచ్చింది. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రెండు నెలలు వృథా చేసింది నేనే. అప్పట్నుంచి ముఖం మీద ఉన్న ఏ మచ్చ విషయంలోనూ "ఆగి చూద్దాం" అంటే మళ్ళీ ఎన్ని రోజులకు చూద్దామో తేదీ రాసి ఇస్తున్నాను. రెండు నెలల లోపు పిల్లలకైతే ఆ తేదీ వారం పది రోజులకు మించదు.

వీపు మీద, చేతి మీద, తొడ మీద చిన్నది ఉంటే నిశ్చింతగా వదిలేయవచ్చు. మరీ పలచగా, పైపైన ఉన్నదానికి టిమలాల్ అనే కంటి చుక్కల మందును రోజుకు రెండుసార్లు ఒక్కో చుక్క మచ్చ మీద రాయమంటాం. చుక్కే కదా అని నాలుగైదు సార్లు రాయకూడదు. పసి చర్మం నుంచి అది ఒంట్లోకి ఇంకుతుంది.

మీ పాపకు బహుశా నోటి మందు ఇస్తారు. దాని పేరు ప్రొప్రానలాల్. పేరు వెతికితే గుండె జబ్బుల మందు, బీపీ మందు అని వస్తుంది, ఇంట్లో అందరికీ టెన్షన్ మొదలవుతుంది. అందుకే దాని కథ ముందే చెబుతున్నాను. 1960ల్లో జేమ్స్ బ్లాక్ అనే శాస్త్రవేత్త దీన్ని గుండె కోసం తయారు చేశారు, 1988లో ఆయనకు నోబెల్ వచ్చింది. పసిపిల్లల మచ్చకు పనికొస్తుందని ఎవరూ అనుకోలేదు. ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో ముక్కు మీద హెమాంజియోమా ఉన్న ఒక బిడ్డకు అప్పటి పద్ధతి ప్రకారం స్టెరాయిడ్లు ఇస్తుండగా గుండె కండరం మందమైంది. ఆ గుండె కోసం ప్రొప్రానలాల్ మొదలుపెట్టారు. మర్నాటికి మచ్చ ఎరుపు తగ్గి ఊదా రంగుకు మారి మెత్తబడింది. లియోతే లాబ్రేజ్ అనే చర్మవైద్యురాలు, ఆమె బృందం దాన్ని గమనించి, మరికొందరు పిల్లలకు ఇచ్చి చూసి 2008లో ప్రకటించారు. స్టెరాయిడ్లతో ఉబ్బిన ముఖాలు, ఆగిపోయిన ఎదుగుదల చూస్తూ పనిచేసిన మాలాంటి వాళ్ళకు ఆ ఏడాది ఎంత ఊరటో మాటల్లో చెప్పలేను. 2014లో అమెరికా ప్రభుత్వం పిల్లల హెమాంజియోమాకు ఈ మందును అధికారికంగా అనుమతించింది. 2015లో వచ్చిన పెద్ద అధ్యయనంలో ఆరు నెలలు సరైన మోతాదులో వాడిన పిల్లల్లో నూటికి అరవై మందికి మచ్చ పూర్తిగానో దాదాపుగానో పోయింది. ఉత్తుత్తి మందు ఇచ్చిన పిల్లల్లో నూటికి నలుగురికే పోయింది.

మందు మంచిదే, కానీ ఇవ్వడంలో జాగ్రత్త కావాలి. మోతాదు పాప బరువును బట్టి ఉంటుంది. సాధారణంగా కిలోకి రోజుకు 2 నుంచి 3 మిల్లీగ్రాములు, తక్కువతో మొదలుపెట్టి పెంచుతూ, రెండు మూడు సార్లుగా విడగొట్టి ఇస్తారు. మొదటి మోతాదు ఇచ్చి రెండు గంటలు అక్కడే కూర్చోబెట్టి గుండె వేగం, బీపీ చూస్తారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలనైతే ఆస్పత్రిలో చేర్చుకుని మొదలుపెడతారు. ఉబ్బసం లాంటి పిల్లికూతలు, గుండె సమస్య ఏదైనా ఉంటే ముందే చెప్పాలి.

ఇంట్లో జరిగే పొరపాట్లు రెండు. ఒకటి కొలత. మిల్లీగ్రాము వేరు, ఎం.ఎల్. వేరు. సిరప్ ఒక్కో రకంలో ఒక్కో గాఢత ఉంటుంది. కొన్నిచోట్ల సిరప్ దొరక్క మాత్ర పొడి చేసి నీళ్ళలో కలిపి ఇమ్మంటారు. ఏదైనా సరే, "ఎన్ని ఎం.ఎల్. ఇవ్వాలి" అన్నది చీటీ మీద రాయించుకోండి. సూది లేని సిరంజిలో ఆ గీత ఎక్కడుందో డాక్టరు ముందే చూపించి సరిచూసుకోండి. ఒక అమ్మమ్మగారు ఆ గీత దగ్గర గోళ్ళ రంగుతో గుర్తు పెట్టుకుని తెచ్చారు, ఎవరు ఇచ్చినా తప్పు జరగకుండా. ఇప్పుడు నేను అందరికీ అదే చెబుతున్నాను. మందు షాపులో వేరే కంపెనీది ఇస్తే, మళ్ళీ డాక్టరును అడగకుండా అదే గీతకు పోయొద్దు.

రెండోది, దీనికంటే ముఖ్యమైనది, ఖాళీ కడుపు. ఈ మందు రక్తంలో చక్కెరను తగ్గించగలదు. కడుపులో పాలుంటే భయం లేదు. కాబట్టి పాలు పట్టేటప్పుడో, పట్టిన వెంటనేనో మాత్రమే మందు. ఈ వయసులో పాలకూ పాలకూ మధ్య నాలుగైదు గంటలకు మించి ఎడం రాకూడదు. రాత్రి హాయిగా పడుకుంది కదా అని ఊరుకోవద్దు, లేపి పట్టాలి. వాంతులు అవుతున్నా, విరేచనాలు ఎక్కువైనా, జలుబు చేసి పాలు సరిగ్గా తాగకపోయినా, ఆయాసంగా ఉన్నా ఆ పూట మందు మానేసి డాక్టరుకు ఫోన్ చేయండి. ఒక పూట మానితే మచ్చ పెరిగిపోదు. ఇచ్చిన మందు కక్కేస్తే మళ్ళీ పట్టొద్దు. ఒళ్ళంతా చెమటలు, వణుకు, ఎంత లేపినా లేవని మత్తు కనిపిస్తే అది చక్కెర పడిపోయిన లక్షణం. మింగగలిగే స్థితిలో ఉంటే పాలు పట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. చేతులూ కాళ్ళూ చల్లగా ఉండటం, నిద్రలో ఉలిక్కిపడి లేవడం మాత్రం మామూలే, వాటికి భయపడి మందు ఆపేయకండి. టీకాలు ఎప్పటివి అప్పుడు వేయించవచ్చు.

రంగు మారడం వారంలోపే తెలుస్తుంది. అంతలో ఆపేయకూడదు. కనీసం ఆరు నెలలు, చాలామందికి ఏడాది వయసు దాకా వాడతాం. ముందే ఆపితే కొందరిలో మళ్ళీ ఉబ్బుతుంది.

స్నానం గురించి ఒక మాట. కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, నూనె మర్దనా చేసి, సున్నిపిండితో రుద్ది నీళ్ళు పోసే అవ్వ మీ ఇంటికీ వస్తూ ఉంటారు. పోయించండి, మంచిదే. మచ్చ ఉన్నచోట మాత్రం పిండి రుద్దనివ్వొద్దు, చేత్తో నీళ్ళు జారవిడిస్తే చాలు. ఆ కంటికి కాటుకా వద్దు. ఈ మచ్చ మీది చర్మం పలచన. గీరుకుంటే, ముఖ్యంగా పెదవి మీద, డైపర్ కట్టే చోట రాపిడికి పుండు పడుతుంది. ఆ పుండు బాగా నొప్పి పెడుతుంది. కారణం తెలియకుండా బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంటే మచ్చను ఒకసారి చూడండి. రెండు మూడు నెలల వయసులోనే మచ్చ మధ్యలో తెల్లగా, బూడిద రంగులోకి మారితే తగ్గిపోతోందని సంబరపడకండి, ఆ వయసులో అది పుండు పడబోతోందన్న సూచన. ఏడాది దాటాక అదే బూడిద రంగు వస్తే అప్పుడు నిజంగా తగ్గుతున్నట్టు. పుండు మీద పసుపు, సున్నం, ఆకుపసరు ఏవీ పెట్టకండి. పెట్రోలియం జెల్లీ రాసి, అంటుకోని గుడ్డ కప్పి తీసుకురండి. రక్తం కారితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా అదిమి పట్టండి. మధ్యలో తీసి తీసి చూస్తే ఆగదు. మచ్చకు వాత పెట్టిస్తామని ఎవరైనా అంటే దయచేసి ఆ గుమ్మం తొక్కకండి. అలా కాల్చి తెచ్చిన పిల్లలను చూశాను. మచ్చ పోదు, కాలిన మచ్చ మాత్రం జీవితాంతం ఉంటుంది.

పుట్టిన రోజునే మచ్చ ఉన్న పిల్లల సంగతి వేరు. కనురెప్పల మీద, నుదురు మధ్యలో, మెడ వెనక లేత గులాబీ రంగులో చదునుగా ఉండి, ఏడ్చినప్పుడు ఎర్రబడేవి చాలామంది పసిపిల్లల్లో ఉంటాయి. ముఖం మీదివి ఏడాది రెండేళ్ళలో మాసిపోతాయి. మెడ వెనకది ఉండిపోయినా జుట్టు కప్పేస్తుంది. వాటికి ఏమీ చెయ్యనక్కర్లేదు. పిర్రల మీద నీలంగా ఉండేది అసలు రక్తనాళాల మచ్చే కాదు, రంగు కణాలది. మన పిల్లల్లో సర్వసాధారణం, బడికి వెళ్ళే వయసుకు పోతుంది.

పోర్ట్ వైన్ స్టెయిన్ అనేది మాత్రం పోదు. వెయ్యి మందిలో ముగ్గురికి ఉంటుంది. చదునుగా, ముదురు గులాబీ నుంచి నేరేడు రంగు దాకా, ఎక్కువగా ముఖంలో ఒక పక్కన ఉంటుంది. ఉబ్బదు, బిడ్డతో పాటే పెరుగుతుంది, పెద్దయ్యాక ముదురుతుంది. సోవియట్ నాయకుడు గోర్బచేవ్ నుదుటి మీద కనిపించేది ఇదే. దీనికి ప్రొప్రానలాల్ పనిచేయదు. పల్స్‌డ్ డై లేజర్ అనే కాంతి చికిత్సతో, చాలా విడతల్లో, రంగును తేలిక చేయవచ్చు. చిన్న వయసులో మొదలుపెడితే ఫలితం మెరుగు. పూర్తిగా పోతుందని మాట ఇచ్చేవాళ్ళను నమ్మకండి. మన చర్మంలో రంగు ఎక్కువ కాబట్టి లేజర్ దాన్నీ తాకి తెల్లమచ్చలో నల్లమచ్చలో వదలగలదు. ముందు చిన్న చోట పరీక్షించి చూసే డాక్టరు దగ్గరికే వెళ్ళండి. నుదురు, పై రెప్ప మీద పుట్టుకతో ఇలాంటిది ఉంటే రంగు కన్నా ముందు కంటిలో ఒత్తిడి చూపించాలి, ఫిట్స్ వస్తాయేమో కనిపెట్టుకుని ఉండాలి. కన్ను పెద్దదిగా, మబ్బుగా కనిపించినా, వెలుతురు చూడలేక నీళ్ళు కారుతున్నా వెంటనే వెళ్ళాలి.

మీ అమ్మగారికి ఇది చదివి వినిపించండి. అమ్మా, గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. మీ అమ్మాయి తిన్నదీ, నడిచిందీ, చూసిందీ ఏదీ దీనికి కారణం కాదు. గ్రహణం నాడు గదిలోంచి కదలకుండా పడుకున్న తల్లుల పిల్లలకూ ఇవి వచ్చాయి, నేను చూశాను. గ్రహణం పట్టింపే లేని దేశాల్లోనూ ఇంతమందికీ వస్తున్నాయి. మచ్చ కణాల మీద ఉండే ఒక గుర్తు మాయ (ప్లాసెంటా) కణాల మీద కూడా ఉంటుందని 2000లో కనుక్కున్నారు. కడుపులో బిడ్డకు ఆక్సిజన్ కాస్త తక్కువైనా ఇవి రావచ్చని అనుకుంటున్నారు. పోర్ట్ వైన్ స్టెయిన్ అయితే, కడుపులో పిండం ఎదిగేటప్పుడు ఏదో ఒక్క కణంలో జన్యువు చిన్నగా మారడం వల్ల వస్తుందని 2013లో తేలింది. అది వంశంలో వచ్చేది కాదు, ఎవరి తప్పూ కాదు. మచ్చ కనిపిస్తుందని బారసాల ఫోటోల్లో బిడ్డ ముఖాన్ని పక్కకు తిప్పించిన ఇళ్ళున్నాయి. ఆ తల్లి ముఖం నాకింకా గుర్తుంది. మీ ఇంట్లో అలా జరగనివ్వకండి.

మూడో నెల పట్టింపు గురించి ఒక సర్దుబాటు చెప్పనా? ఒకే రోజులో రెండు పనులూ పూర్తయ్యేలా ముందే ఫోన్ చేసి సమయం తీసుకోండి. ఆరో వారం టీకా ఎలాగూ వేయించాలి కదా, బిడ్డ బయటికి రావాల్సిందే. ఆ రోజే బయల్దేరండి. పెద్దవాళ్ళ భయం జనం తాకిడి గురించి అయితే, ఓపీ మొదలయ్యే సమయానికే చేరుకుంటే ఎక్కువసేపు కూర్చోవాల్సిన పని ఉండదు. నిజంగా ప్రయాణం కుదరకపోతే కనీసం ఫోటోలు పంపి సలహా అడగండి. ఈ మచ్చల విషయంలో ఫోటో చూసి ఎంత తొందరో చెప్పడం సాధ్యమే. అమెరికాలోనో లండన్‌లోనో ఉన్న మన అమ్మాయిలకూ ఇదే మాట: రెండో నెల చెకప్ దాకా ఆగకుండా ముందే ఫోటో పంపండి.

ఫోటో తీయడానికి పాప ఏడవని సమయం చూసుకోండి, ఏడిస్తే మచ్చ పెద్దదిగా ఎర్రగా కనిపిస్తుంది. ఉదయం పూట కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా. చెంప మీద మచ్చకు కాస్త దూరంగా చిన్న కాగితపు స్కేలు ముక్క ఆనించి తీస్తే కొలత తెలుస్తుంది. రూపాయి బిళ్ళ వద్దు, జారి నోట్లోకో కంట్లోకో పోవచ్చు. కళ్ళు తెరిచినప్పుడు ఒకటి, మూసినప్పుడు ఒకటి తీయండి. తెరిచినప్పటి ఫోటోలో నల్లగుడ్డు మొత్తం కనిపిస్తోందా, పై అంచు రెప్ప కింద దాగిందా అన్నది డాక్టరుకు చాలా ముఖ్యం. ప్రతి మూడు రోజులకూ ఇలాగే తీసి పెట్టుకోండి.

వెళ్ళేటప్పుడు ఆస్పత్రి డిశ్చార్జ్ కాగితం, టీకాల కార్డు, ఎన్ని వారాలకు పుట్టిందో, పుట్టినప్పటి బరువెంతో రాసిన చీటీ పట్టుకెళ్ళండి. మందు మొదలుపెడితే రెండు గంటలు అక్కడే ఉండాలి కాబట్టి దారిలో పాలు పట్టకుండా కాస్త ఆపి, అక్కడికి వెళ్ళాక పట్టేలా చూసుకోండి. చూపించి వచ్చాక కంటి డాక్టరు ఏమన్నారో, మందు ఎన్ని ఎం.ఎల్. రాశారో ఇక్కడే రాయండి. మొదటి వారం ఏ సందేహం వచ్చినా జవాబిస్తాను.